ఆరని విల్లు

కంకణదుర్గం బురుజు మీద సూర్యుడింకా మోచేతులు ఆనించి తొంగిచూస్తున్న వేళ. మెరుగు పనివాడు జగ్గోజు తన కొట్టు అరుగు మీద కూర్చుని, ఎవరో సామంతుడి పల్లకీ దండెను రుద్దుతూ దాన్ని తిడుతున్నాడు. చెక్కను తిట్టకుండా రుద్దడం అతడికి చేతకాదు. నలభై ఆరేళ్ళ వయసు, లక్క పట్టి ఎర్రబడిన గోళ్ళు, ఎవరు పలకరించినా ముందు మొహం చిట్లించి ఆ తర్వాతే నోరు విప్పే స్వభావం. చదువుకున్నవాళ్ళంటే అతడికి మంట. చదువుకోనివాళ్ళంటే విసుగు. కొయ్యలంటే మాత్రం ప్రాణం. ఆ సంగతి కొయ్యలకు తెలిసిపోకుండా వాటిని తిడుతూ ఉంటాడు.

"బొగ్గులో... నిప్పుల్లాంటి బొగ్గులో..."

వీధి మలుపులోంచి ఒక బొగ్గులమ్మి వచ్చింది. మొహమంతా మసి. భుజాన కావడి, చెరో వైపూ ఒక గంప. నడక మాత్రం గంపలు మోసేవాళ్ళ నడక కాదు. వెనకాల ఇద్దరు చామరాలు వీస్తున్నట్టు నడుస్తోంది.

జగ్గోజు ఆమె మొహం చూడలేదు. కావడిబద్దను చూశాడు. చూసి, పల్లకీ దండెను పక్కకు తోసి లేచి నిలబడ్డాడు.

"ఏమ్మోవ్! ఇలా రా. ఆ కావడి దించు."

"బొగ్గులు కావాలా అన్నా?"

"నీ బొగ్గులతో నువ్వే పళ్ళు తోముకో. ఓడచేవతో కావడిబద్ద చేయించుకున్న మహాతల్లిని కళ్ళారా చూద్దామని పిలిచాను."

బొగ్గులమ్మి గతుక్కుమని, గంపలు నేల మీద ఆనించి కావడి దించబోయింది. అది దిగలేదు. భుజం మీద మడతపెట్టుకున్న గుడ్డకు అంటుకుపోయింది. గట్టిగా గుంజేసరికి గుడ్డ చిరిగి సగం బద్దకే ఉండిపోయింది.

జగ్గోజు బద్ద మీద బొటనవేలు ఆనించాడు. వేలు అంటుకుంది. పీకి వాసన చూశాడు. కన్నార్పకుండా ఆ చివరినుంచి ఈ చివరిదాకా చూశాడు.

"ఇది కావడి కాదు. నారి విప్పిన విల్లు. అందులోనూ శంఖిని. నువ్వు దొంగవా, వెర్రిదానివా?"

ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "నేను రాజకుమారి కువలయవల్లిని."

"అలాగా. నేను ఏడు దీవుల చక్రవర్తిని."

ఆమె పిడికిలి విప్పింది. అరచేతిలో జంట కంకణాల రాజముద్ర తళుక్కుమంది. జగ్గోజు తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. అంతకు మించి వంగడం అతడి నడుముకు అలవాటు లేదు.

"లోపలికి రండి తల్లీ. వాకిట్లో చక్రవర్తులు మరీ ఎక్కువయ్యారు."

శంఖిని విల్లు సామాన్యమైనది కాదు. తూర్పు సముద్రానికి అవతల, పగడపు దీవుల్లో, మదపుటేనుగులు వీపు రుద్దుకుంటే గంటల మోత వినిపించే మహావృక్షాలున్నాయట. ఆ చెట్ల చేవ ఓడలకెక్కి వచ్చింది కాబట్టి దాన్ని ఓడచేవ అన్నారు. కోసినప్పుడు తేనె రంగు, ఏడాది గడిస్తే నేరేడుపండు రంగు. నీళ్ళలో వేస్తే రాయిలా మునుగుతుంది. వంచితే తీగలా వంగుతుంది. అటువంటి చేవను మూడేళ్ళు నీడలో ఆరబెట్టి, పొట్ట మీద వెండితీగతో హంసల బారు పొదిగి, కువలయవల్లి తండ్రి రత్నకేతు మహారాజు తాతగారి కోసం ఎవరో మహానుభావుడు చేసిన విల్లు అది. ఇప్పుడు మాత్రం దాని ఒంటినిండా బొగ్గు నలుసులు, దూది పింజలు, రెండు చీమలు, పూజలో రాలిన తులసాకు ఒకటి అంటుకుని ఉన్నాయి.

కువలయవల్లి చెప్పుకొచ్చింది. విల్లు బాగుచేయించడానికి జగ్గోజును వెతుక్కుంటూనే ఆమె ఈ వేషంలో వచ్చింది. ఆ రాజ్యంలో వారసుడు ధ్వజస్తంభం కొనకు వేలాడే వెండి కంకణాన్నీ, బంగారు కంకణాన్నీ శంఖినితోనే కొట్టాలి. నలభై రోజుల కిందట ఆమె అన్న శూరకేతు విల్లెక్కుపెట్టాడు. బాణం వదిలాడు. బాణం వెళ్ళలేదు. వింటికి అంటుకుని ఒక్కసారి గిలగిల కొట్టుకుని అతడి కాళ్ళ దగ్గరే పడింది. ఆ క్షణాన రాజగురువు ధూమ్రదంతుడు లేచి, "విల్లు ఏడుస్తోంది! వారసుడు దానికి నచ్చలేదు!" అని కమండలం విదిలించాడు. శూరకేతు నిలువునా రాయైపోయాడు. నలభయ్యో రోజు పొద్దుగూకేలోపల తోడబుట్టినవాళ్ళు అదే వింటితో రెండు కంకణాలూ కొడితే అతడు మళ్ళీ మనిషవుతాడు. లేకపోతే రాయి రాయిగానే ఉంటుంది, రాజ్యం గురువుదవుతుంది.

"ఆ నలభయ్యో రోజు?"

"ఇవాళే జగ్గన్నా. మిట్టమధ్యాహ్నం భేరి మోగగానే నేను విల్లు పట్టాలి. మా అన్న... నాకు గురి నేర్పినవాడు. వాకిట్లో రాయై నిలబడ్డాడు. కాకులు వచ్చి వాలుతున్నాయి." ఆమె వింటికి అంటుకున్న తులసాకును గోటితో పీకింది. "విల్లు నిజంగానే ఏడుస్తోందా?"

"ఏడుపూ లేదు, నా మొహమూ లేదు. చెమట పోస్తోంది." జగ్గోజు విల్లును బల్ల మీద పెట్టాడు. "ఓడచేవ కడుపునిండా నూనే. ఎండ తగిలితే పైకి ఊరుతుంది. దాని మీద గుగ్గిలం నూనె పూస్తే ఈ జన్మకు ఆరదు. ఎవడు పూశాడు?"

"మెరుగాచార్య సోమనోజుగారు."

"ఎన్ని పూతలు?"

"ఏడు."

"ఏడా!"

"మొదటి పూత ఆరలేదని రెండోది పూశారు. అదీ ఆరలేదని..."

"అర్థమైంది. గొంగళి తడిసిందని తడిగొంగళి కప్పినట్టు."

"ఇంకా... అమావాస్య అమావాస్యకూ తలంటు కూడా పోస్తారు. ఆయుధం తల్లిలాంటిది కదా."

జగ్గోజు చేతిలో గీకుడుకత్తి ఆగిపోయింది. "వింటికి తలంటా? కుంకుడు రసం పోశారా మరి?"

"లేదు. నువ్వులనూనె మాత్రమే."

"అదీ లేదూ! ఇన్నాళ్ళూ నూనె పెట్టి తల రుద్దకుండా వదిలేశారన్నమాట. మనిషైతే ఈపాటికి అడవుల్లోకి పారిపోయేవాడు. ఇంతకూ ఆయుధశాలలో విల్లు లేదని వాళ్ళకు తెలియదా?"

"పట్టుగుడ్డ కింద కావడిబద్ద పెట్టి వచ్చాను. నేను వస్తున్నప్పుడు సోమనోజుగారు దానికి ఎనిమిదో పూత వేస్తున్నారు."

చాలా ఏళ్ళ తర్వాత జగ్గోజు నవ్వాడు. అలవాటు తప్పినందువల్ల అది దగ్గులా వినిపించింది.

ఇక పని మొదలైంది. గీకుడుకత్తిని చెక్క మీద వాలుగా పట్టి లాగితే, ఏడు పూతలూ తాటిబెల్లం పాకంలా చుట్టలు చుట్టుకుంటూ లేచి వచ్చాయి. ప్రతి లాగుకూ సోమనోజు వంశంలో ఒక తరానికి శాపం పడింది. గీకాక సొరచేప తోలు తీసి, చెక్క పోగు వెంట, పైనుంచి కిందికి, ఒకే బరువుతో రుద్దాడు. నేరేడు రంగు పొడి సన్నగా లేచింది. ఆ పొడిని వృథా పోనీయకుండా తోలుసంచిలోకి దులిపాడు. పగుళ్ళలో కూరడానికి అంతకన్నా మంచిది లేదు.

"హాఛ్!" అని కువలయవల్లి తుమ్మి, వెంటనే నేల మీద చతికిలబడి కళ్ళు మూసుకుంది.

కంకణదుర్గంలో తుమ్ము రాజాజ్ఞ కన్నా పెద్దది. ఎవరు తుమ్మినా, విన్నవాళ్ళంతా ఉన్నచోటే కూర్చుని తొమ్మిది లెక్కపెట్టి లేవాలి. తాళి ఎత్తిన పెళ్ళికొడుకైనా కూర్చోవలసిందే. దొంగను తరుముతున్న తలారైనా కూర్చోవలసిందే. ఆ దొంగ కూడా కూర్చుంటాడు, మర్యాద తెలిసినవాడైతే. ఈ నియమం ధూమ్రదంతుడే పెట్టాడు.

"ఎనిమిది... తొమ్మిది. నువ్వు కూర్చోలేదేం జగ్గన్నా?"

"ముప్పై ఏళ్ళుగా ఈ పొడిలో బతుకుతున్నాను. ఓడచేవ పొడి ముక్కుకు మిరపకారంతో సమానం. తుమ్ముకొకసారి కూర్చుంటే నా బతుకంతా కూర్చోవడమే అయ్యేది. మూతికి గుడ్డ కట్టుకోండి."

జాము పొద్దెక్కేసరికి విల్లు ఒలిచిన వెదురులా బయటపడింది. కింది కొమ్ము దగ్గర బెత్తెడు మేర మాత్రం ఇంకా పాత పూత మిగిలింది. కానీ జగ్గోజు కత్తి కింద పెట్టి విల్లును ఎండకు పట్టి చూశాడు. గీకిన చోటల్లా అప్పుడే సన్నటి నూనె చెమర్చింది.

"ఇది ఇలాగే ఊరుతూ ఉంటుంది. ఘాటైన సారాతో తుడవాలి. తుడిచీ తుడవగానే, తాంబూలం నమిలేంత సేపట్లో, సారాలో కరిగిన లక్క పూసెయ్యాలి. లక్కకు నూనె మీద పగ లేదు. పూసిన చోటే ఆరి, లోపలి నూనెకు తలుపు వేసేస్తుంది. లక్కపొడి నా దగ్గరుంది. సారాయే..."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మూడేళ్ళ కిందటే ధూమ్రదంతుడు రాజ్యంలో సారాకుండలన్నీ పగలగొట్టించాడు. మందుకు కావాలన్నా చుక్క లేదు.

జగ్గోజు గడ్డం గోక్కున్నాడు. "తల్లీ, మీ గురువు హోమగుండంలో దోసెడు నీళ్ళు పోస్తే మంట ఆకాశానికి లేస్తుందంటారు. నిజమేనా?"

"నిజమే. అది అగ్నితీర్థం. మా తలల మీద కూడా చల్లుతారు. చల్లినచోట మంచులా చల్లగా ఉండి, చిటికెలో ఆరిపోతుంది. అంతా మహిమ."

"వాసన?"

ఆమె ఆలోచించింది. "ఇప్పపువ్వు వాసన."

జగ్గోజు తలపాగా తీసి నేలకేసి కొట్టాడు. "ఇప్పసారా! తీర్థమని పేరు పెడితే సారా కూడా నెత్తిన చల్లించుకున్నారు! ఊళ్ళో కుండలన్నీ పగలగొట్టించింది తన కుండ ఒక్కటే మిగలాలని. పదండి. హోమానికి బొగ్గులు కావాలిగా, మనమే పోద్దాం. మీరు బొగ్గులమ్మి. నేను మీ మొగుడిలాగా వెనకాల గొణుక్కుంటూ వస్తాను. అది నాకు వేషం కూడా కాదు."

కోట వెనక, సముద్రం మీదికి వాలిన నల్లకొండలో ఉంది నాగజిహ్వ గుహ. దాని నోట రెండు జలధారలు నాగుపాము నాలుకలా చీలి దూకుతాయి. ఆ ధారల మధ్య ఇంద్రధనుస్సు ఎప్పుడూ తెగిపడిన హారంలా వేలాడుతుంది. రాళ్ళ సందుల్లో నీలి నిప్పుపూలు రెప్పలు కొట్టుకుంటూ పూస్తాయి. లోపలినుంచి వచ్చే గాలిలో సాంబ్రాణి, గంధకం, పులిచర్మం, వాటన్నిటి అడుగున అమాయకంగా ఇప్పపువ్వు.

ద్వారం దగ్గర తాటిచెట్టంత కొయ్యభటుడు కత్తి అడ్డం పెట్టాడు. చెక్క దవడ కిర్రుమంది.

"ఆగు! ఒక్క అబద్ధమాడితే మెడ తెగుతుంది. ఎవరు మీరు?"

కువలయవల్లి నోరు తెరిచింది. జగ్గోజు ఆమెను పక్కకు జరిపి, భటుడి పొట్ట మీద వేలిమెటికతో టకటకా కొట్టాడు.

"వేపచెక్క. ఆరకముందే కోసి చేశారు. ఎవడా తొందరమనిషి?"

కత్తి గాలిలో నిలిచిపోయింది. "నీకెలా తెలుసు?"

"ఎండెక్కేకొద్దీ నడుం దగ్గర పగులు లాగుతోందా?"

"చంపేస్తోందయ్యా," అన్నాడు కొయ్యభటుడు. ఉరుములాంటి గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. "నూట ఇరవై ఏళ్ళు. మోకాలు వంచితే చప్పుడుకు నాకే భయమేస్తుంది."

"నూనె పెట్టారా ఎప్పుడన్నా?"

"ఒక్క చుక్క! ఒక్క చుక్క ఎరుగను. కోటలో ఎవరో వింటికి అమావాస్య అమావాస్యకూ తలంటటగా. వాసన ఇక్కడిదాకా వస్తుంది. నేనూ చెక్కనేగా? నాకు ఒళ్ళు లేదా?"

"అక్కర్లేనివాళ్ళకు తలంటు, కావలసినవాళ్ళకు ఎండ. ఈ రాజ్యం సంగతే అంత. తిరుగు, వీపు చూపించు."

జగ్గోజు సంచిలోంచి సీసా తీసి భటుడి వీపున, మెడన, మోకాళ్ళ కీళ్ళలో అవిశెనూనె పోసి మర్దించాడు. వేపచెక్క వానకు ఎండునేలలా గుటగుటా తాగింది. కొయ్యభటుడు కత్తి కింద పడేసి, గోడకు చేతులానించి, పిల్లిలా మూలిగాడు.

"లోపలికి వెళ్ళండి బాబూ. ఎడమపక్క వెళ్ళండి. కుడిపక్క పాముంటుంది, అది మాట వినదు."

ఎడమపక్క గదిలో నిలువెత్తు రాగిబాన. మూత తీసేసరికి కళ్ళు మండాయి. జగ్గోజు వేలు ముంచి నాలుక మీద రాసుకుని, కళ్ళు మూసుకుని, మూడేళ్ళ తర్వాత కలిసిన చుట్టాన్ని చూసినట్టు తలూపాడు. అంతకు మించి తాగలేదు. పని ముందుంది.

లక్కపొడిని సారాలో పోసి, ఆ గదిలోనే, కప్పు సందులోంచి పడే ఎండకు కాగిన బండ మీద సీసాను దొర్లిస్తూ కుదిపాడు. అది కరిగేలోపల సారా ముంచిన గుడ్డతో విల్లును తుడిచాడు. మొదటి గుడ్డ ముక్కుపొడుం రంగు తిరిగింది. రెండోది తేనె రంగు. మూడోది తెల్లగానే వచ్చింది.

"ఇప్పుడు! ఊపిరి కూడా దాని మీద వదలకండి!"

దూది పొట్లాన్ని లక్కలో ముంచి, పిండి, పైకొమ్ము నుంచి ఒక్క లాగు. ఆగకుండా, వెనక్కు రాకుండా. వెనకాలే పూత ఆరుతూ వచ్చింది. నేరేడు రంగు లోపల ఎక్కడో దీపం వెలిగించినట్టయింది. వెండి హంసలు రెక్కలు విదిలించుకున్నట్టు మెరిశాయి. కువలయవల్లి వేలితో తాకి చూసింది. వేలు జారింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇక విల్లు ఏడవడం ఆపింది, మీరు మొదలెట్టకండి," అని జగ్గోజు గొణిగాడు. "కింది కొమ్ముకు బెత్తెడు మిగిలింది. అది కూడా గీకి..."

ఢమ్మ్! కోటలో మధ్యాహ్నపు భేరి మోగింది.

"వదిలెయ్ జగ్గన్నా! అక్కడ ఎవరూ చెయ్యి పెట్టరు!"

"నా కన్ను పడుతుందిగా! జగ్గోజు మెరుగుపెట్టిన వింటికి కొసన సోమనోజు జిగురా? రేపు నలుగురిలో నేను..."

"ఎవర్రా అది?"

గుహ గుమ్మంలో ధూమ్రదంతుడు! స్నానం చేసి వస్తున్నాడు. తాడిమీది గద్దలాంటి మెడ, నడుముదాకా జడలు, పలకరిస్తే చాలు పళ్ళ సందుల్లోంచి బయటికొచ్చే నల్లటి పొగ. వెనక పన్నెండుమంది శిష్యులు. బాన మూత తీసి ఉండడం చూశాడు. విల్లు చూశాడు. కుడిచెయ్యి ఎత్తి, "ఓం హ్రాం హ్రీం శిలీభవ..." అని మొదలుపెట్టాడు. కువలయవల్లి చిటికెనవేలు అప్పుడే బూడిదరంగుకు తిరగసాగింది.

జగ్గోజు తోలుసంచి మూతి విప్పి గాలిలోకి విసిరాడు.

నేరేడు రంగు మేఘం గుప్పుమంది. "...శిలీ... శి... హా... హాఛ్!" అని ధూమ్రదంతుడి మంత్రం మధ్యలో పేలిపోయింది. రాజకుమారి వేలు మళ్ళీ ఎర్రబడింది. గురువుగారి తుమ్ము వినగానే పన్నెండుమంది శిష్యులూ బుద్ధిగా చతికిలబడి, "ఒకటి... రెండు..." అని మొదలెట్టారు.

"లేవండ్రా వెధవల్లారా! పట్టు... హాఛ్!"

"ఒకటి... రెండు..."

"ఈసారి లెక్క... హాఛ్!"

"ఒకటి..."

కువలయవల్లికి కూడా తుమ్ము విని మోకాళ్ళు వంగబోయాయి. జగ్గోజు రెక్క పట్టుకుని లాగాడు. "తర్వాత కూర్చుందురుగాని, సింహాసనం మీద!"

బయట కొయ్యభటుడు ఒక కాలు మీద నిలబడి రెండో మోకాలు వంచుతూ, చాపుతూ, చప్పుడు రావడం లేదని మురిసిపోతున్నాడు. "ఎక్కండి బాబూ, ఎక్కండి! పరుగెత్తి చూడాలని నూట ఇరవై ఏళ్ళ కోరిక!"

చెరో భుజం మీదా ఇద్దరూ ఎక్కారు. ఆ తర్వాత కొండ ఎక్కడుందో, దారి ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. ఒక అంగకు వాగు, రెండో అంగకు జామతోట, మూడో అంగకు చాకిరేవు. ఆరేసిన చీరొకటి భటుడి మెడకు చుట్టుకుని జెండాలా ఎగిరింది. "నాన్నోయ్!" అని జగ్గోజు అరుస్తూనే ఉన్నాడు, కానీ రెండు చేతులా విల్లును మాత్రం ఎవరికీ తగలకుండా ఎత్తి పట్టుకున్నాడు. ఆరినా పూత ఇంకా లేతదే మరి.

రాజవాకిట నాలుగువేల మంది జనం. ధ్వజస్తంభం మొదట్లో శూరకేతు శిల. విల్లెక్కుపెట్టిన భంగిమలోనే, నోరు కొంచెం తెరుచుకుని, ఏదో అనబోతూ ఆగిపోయినట్టుంది. సోమనోజు పట్టుగుడ్డలో కావడిబద్దను పళ్ళెంలో పెట్టుకుని నిలబడ్డాడు. గుడ్డ తీస్తే రావడం లేదు.

గోడ దూకి వచ్చిన కొయ్యభటుణ్ణి చూసి జనం చెల్లాచెదరయ్యారు. కువలయవల్లి కిందికి దూకి, కొంగుతో మొహం మీది మసి తుడుచుకుంది. నారి బిగించింది. బాణం సంధించింది. జగ్గోజు వెళ్ళి శూరకేతు శిల పక్కన నిలబడ్డాడు.

నారి మోగింది. బాణం వింటి మీదినుంచి పాలమీగడ మీద చెంచాలా జారి దూసుకుపోయింది. అంత ఎత్తున వెండి కంకణం ఖంగుమని తెగి, గిరగిరా తిరుగుతూ వచ్చి కువలయవల్లి కాళ్ళ దగ్గర పడింది.

శూరకేతు తలనుంచి నడుముదాకా రాయి పెచ్చులు పెచ్చులుగా రాలింది. చెక్కిళ్ళు ఎర్రబడ్డాయి. కనురెప్పలు కొట్టుకున్నాయి. నడుము కిందినుంచి ఇంకా రాయే. బంగారు కంకణం పైన ఇంకా వేలాడుతూనే ఉంది.

"అన్నా!" అని కువలయవల్లి కేకవేసి రెండో బాణం తీసింది.

చెల్లెల్ని చూసి శూరకేతు పెదవులు కదిలాయి. నలభై రోజుల తర్వాత మొదటి మాట మాట్లాడబోయాడు. గుండెనిండా గాలి పీల్చాడు. పీల్చిన గాలి, పక్కనే నిలబడ్డ జగ్గోజు భుజం మీది ఓడచేవ పొడి మీదుగా వచ్చింది.

"హా... హాఛ్!"

నాలుగువేల మంది ఒక్కసారిగా కూర్చున్నారు. దండనాయకులు కూర్చున్నారు. మోకాళ్ళు వంగుతున్న సంబరంలో కొయ్యభటుడూ కూర్చున్నాడు. భటులు బల్లేలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. పుట్టి బుద్ధెరిగిన నాటి అలవాటు మరి, కువలయవల్లి కూడా విల్లు పక్కన పెట్టి చతికిలబడి కళ్ళు మూసుకుంది.

"ఒకటి... రెండు..."

"ఓరి మీ ఇళ్ళు బంగారంగానూ!" అని జగ్గోజు నెత్తి బాదుకున్నాడు.

"మూడు... నాలుగు..."

వాకిలంతా చీకటి పడ్డట్టయింది. ఏనుగంత నల్ల రాబందు ఒకటి, ముక్కులోంచి పొగ చిమ్ముతూ, ఎర్రబడిన కళ్ళలోంచి ఇంకా నీళ్ళు కారుతూ, ధ్వజస్తంభాన్ని చుట్టి కిందికి దూకింది. నియమం పెట్టిన ధూమ్రదంతుడే ఆ రాబందు, దానికి తాను లొంగలేదు. ఒక్క కొరుకుతో నారి తెంపింది. పైకొమ్మును గోళ్ళతో ఒడిసిపట్టి లేచింది.

"అయిదు... ఆరు..."

కాళ్ళు కదిలి కూడా కూర్చోనివాడు ఆ వాకిట్లో ఒక్కడే. జగ్గోజు ఎగిరి వింటి పిడి పట్టుకున్నాడు.

"ఏడు... ఎనిమిది..." కింద లెక్క సన్నగా వినిపిస్తోంది. "తొమ్మిది!" అనేసరికి కోట అరచేతంత అయింది. కువలయవల్లి కేకలు, శూరకేతు కేకలు గాలిలో కలిసిపోయాయి. కింద నీలంగా, నింపాదిగా, సముద్రం మొదలైంది.

జగ్గోజు పిడిని రెండు చేతులా బిగించాడు. చేతులు జారాయి. ఇంకా బిగించాడు. ఇంకా జారాయి. అంత నున్నగా, అంత పొడిగా, అద్దంలా ఆరిపోయిన పూత. ముప్పై ఏళ్ళలో అతడు చేసిన పనుల్లోకెల్లా గొప్ప పని, అతడి చేతుల కిందినుంచే జారిపోతోంది.

"ఒరే జగ్గోజూ," అని తనను తానే తిట్టుకున్నాడు, "ఇంత బాగా చెయ్యమని ఎవడడిగాడురా నిన్ను!"

వెండి హంసలు ఒక్కొక్కటే అరచేతుల్లోంచి పైకి వెళ్ళిపోయాయి. ఏడో హంస. ఆరో హంస. చివరి హంస కూడా దాటింది. ఇక మిగిలింది కింది కొమ్ము, ఆ తర్వాత సముద్రం.

చప్పున రెండు చేతులూ ఆగిపోయాయి.

బెత్తెడు మేర గుగ్గిలం నూనె. ఏడు పూతలు. ఒక్కటీ ఆరలేదు. ఎండకు మరింత మెత్తబడి, పది వేళ్ళనూ పాకంలో బూరెల్లా పట్టుకుంది. జగ్గోజు గాలిలో గడియారపు గుండులా అటూ ఇటూ ఊగుతూ ఒకసారి లాగి చూశాడు. రాలేదు. ఇంకోసారి లాగి చూశాడు. చస్తే రాలేదు.

"సోమనోజూ!" అని ఆకాశంలో ఎలుగెత్తాడు. "నీ చేతులు చల్లగుండ!"

రాబందు మెడ తిప్పి చూసింది. ధూమ్రదంతుడి గొంతు పొగతో పాటు వచ్చింది. "వదులు మెరుగువాడా! వదిలి చావు!"

జగ్గోజు పడమటి వైపు చూశాడు. పొద్దుగూకడానికి ఇంకా జామున్నర ఉంది. కంకణం ఒకటి కొట్టాలి. విల్లు వెనక్కు తీసుకుపోవాలి. మొహం చిట్లించి పైకి చూశాడు.

"వదలడం నా చేతుల్లో ఉందా స్వామీ? ఇది ఆరితేగా!"